చూడొచ్చు, ముట్టుకోకూడదు

మూడో అంతస్తు, కిటికీ లేని గది

ప్రియమైన కందిరీగకి,

నీకు ఉత్తరమే రాయాలట. రోజంతా చెవికి ఫోను తగిలించుకుని ఊళ్ళోవాళ్ళ ఆపదలన్నీ వినేదానికి, ఇంటికొచ్చాక ఫోను మోగితే ఒళ్ళు మండుతుందని మీ అన్నయ్య చెప్పాడు. సరే, రాస్తున్నాను. చేతిరాతకి వంకలు పెట్టకు. కీబోర్డు మీద తప్ప వేళ్ళు ఆడించి చాలా కాలమైంది.

నాకు ప్రమోషన్ లాంటిది వచ్చింది. 'లాంటిది' అని ఎందుకంటున్నానంటే, పెరిగింది గౌరవం ఒక్కటే. అదీ మా పైఅధికారి నోట్లోనే. ఆయన్ని మేమంతా 'చూద్దాం గారు' అంటాం. సెలవు అడిగినా, కొత్త కుర్చీ అడిగినా, మేడకి నిప్పంటుకుందని చెప్పినా ఆయన జవాబు 'చూద్దాం'. ఇప్పుడు ఆ చూసే పని నాకు అప్పగించాడు.

మీ కంట్రోల్ రూములో అంబులెన్సులు పంపే అప్లికేషన్ మా కంపెనీదే కదా. అప్పుడప్పుడు కబురు బండికి ఆలస్యంగా చేరుతోందని ఫిర్యాదు వచ్చింది. కారణం కనిపెట్టమన్నారు. బాగానే ఉంది. కోడ్ తెరిచి చూసి, తప్పున్న చోట దిద్దుతానన్నాను. గదిలో ఉన్నవాళ్ళంతా నేనేదో బూతు మాట అన్నట్టు చూశారు. కోడ్ ముట్టుకోకూడదట. ఒక్క అక్షరం మార్చినా భద్రతా పరీక్షలన్నీ మళ్ళీ మొదటినుంచీ పెట్టాలట. పోనీ ఆపి మళ్ళీ మొదలెడదామంటే, నాలుగు ఊళ్ళ అంబులెన్సులు దాని మీదే నడుస్తున్నాయి, ఆపకూడదు. రాసినవాళ్ళనైనా అడుగుదామంటే వాళ్ళెప్పుడో ఉద్యోగాలు మానేసి వెళ్ళిపోయారు. పాము చావాలి, కర్ర విరగకూడదు అంటారే, ఇక్కడ అది కూడా కాదు. పాముని ముట్టుకోకుండా దానికి పంటినొప్పి ఉందో లేదో చెప్పాలి.

అలాంటి పనిముట్టు ఒకటి ఉంది, నవ్వకు. నడుస్తున్న అప్లికేషన్‌కి బయటనుంచి తగిలిస్తే, దాన్ని ఆపకుండా, మార్చకుండా, లోపల ఏ పని ఎప్పుడు మొదలైంది, ఎక్కడ ఆగింది, ఎంతసేపు ఎదురుచూసింది, అన్నీ గీతల్లా చూపిస్తుంది. డాక్టరు గుండె మీద గొట్టం పెట్టి వింటాడు చూడు, అలాగ. కొయ్యడం లేదు, కుట్టడం లేదు.

నువ్వు రోజూ దాంతోనే కాపురం చేస్తున్నావు కాబట్టి అడుగుతున్నాను. అది ఎప్పుడు మొరాయిస్తుంది? మీ డైరెక్టరు గారు పంపిన వివరణలో 'అంతా సవ్యంగా ఉంది' అని ఉంది. అంటే ఏదీ సవ్యంగా లేదని నాకు అర్థమైంది. మిగతాది నువ్వు చెప్పు.

మీ అన్నయ్య కులాసా. వాషింగ్ మెషీన్ బాగుచేస్తానని విప్పాడు. కనీసం దాని కోడ్ ముట్టుకోవద్దని ఎవరూ అనలేదు కదా అని మురిసిపోతున్నాడు. బట్టలు చేత్తో ఉతుకుతున్నాం.

మీ వదిన


*


కంట్రోల్ రూము, కింది అంతస్తు, పలకరింపుల బల్ల

వదినా,

నీ చేతిరాత చూసి ముందు డాక్టరు చీటీ అనుకున్నాను. మందుల షాపుకి తీసుకెళ్దామా అని కూడా ఆలోచించాను.

నాకూ ప్రమోషన్ లాంటిదే వచ్చింది. ఇప్పుడు ఫోన్ల గదిలో కూర్చోవడం లేదు. కింద గుమ్మం పక్కన బల్ల దగ్గర కూర్చుంటున్నాను. వచ్చినవాళ్ళని 'రండి' అనాలి, వెళ్ళేవాళ్ళని 'మంచిదండీ' అనాలి, మధ్యలో పూలకుండీకి నీళ్ళు పోయాలి. ఆ మొక్క ప్లాస్టిక్‌ది. ఆ సంగతి నాకు రెండో వారం తెలిసింది. దొరసాని ఉద్యోగం. కొంచెం విశ్రాంతి తీసుకో అన్నారు, తీసుకుంటున్నాను. అన్నయ్యకి చెప్పకు, వెంటనే బండెక్కి వచ్చేసి నా ఇంట్లో ఏదో ఒకటి విప్పుతాడు.

నీ అప్లికేషన్ సంగతి. అది మొరాయించదు వదినా. మొరాయిస్తే మనిషికి తెలుస్తుంది, ఇంకో దారి చూసుకుంటాడు. అది మంచి కోడలి లాంటిది. లోపల ఎంత ఉడుకుతున్నా మొహం మీద నవ్వు చెదరదు. నేను పేరు, వీధి, జబ్బు రాసి 'పంపు' అని నొక్కగానే పచ్చ రంగులో 'పంపబడింది' అని వస్తుంది. ఎవరికి పంపబడింది, వాళ్ళకి చేరిందా, అది మాత్రం చెప్పదు. పచ్చగా ఉందంటే బండి బయల్దేరిందనే మేము అనుకుంటాం. మాకు శిక్షణలో అలాగే చెప్పారు. అప్పుడప్పుడు మాత్రం బండి డ్రైవరు ఆ తర్వాతెప్పుడో 'ఇప్పుడే కబురొచ్చింది' అంటాడు. మేము అతన్ని తిడతాం, అతను మమ్మల్ని తిడతాడు. ఇద్దరం కలిసి వర్షాన్ని తిడతాం.

ఎప్పుడు అలా అవుతుందంటే, చెప్పలేను. ఒక రోజంతా పువ్వులా నడుస్తుంది. ఇంకో రోజు మధ్యాహ్నం హఠాత్తుగా బిగుసుకుంటుంది.

ఇక్కడి విశేషాలు అడగలేదు గాని చెబుతున్నాను. డైరెక్టరు గారు ఫోన్ల గదిలో ఒక గోడంత తెర పెట్టించారు. అందులో ఊరి పటం, దాని మీద మెరుస్తూ తిరిగే బళ్ళు, పక్కన పెద్ద అక్షరాలతో 'మన సగటు వేగం'. ఫోన్లెత్తే మా కుర్చీలకి చేతులు ఊడిపోయి ఏడాదైంది. అది అడిగితే నిధుల్లేవు. మింగ మెతుకు లేదుగానీ మీసాలకి సంపెంగ నూనె. ఎవరైనా పెద్దలు చూడ్డానికి వస్తున్నారంటే చాలు, ఆయన స్వయంగా తెర వేయిస్తారు, వాళ్ళ ముందు చేతులు కట్టుకుని నిలబడతారు. ఆ పటాన్ని గీసింది తానే అన్నంత వినయంగా.

నేను వాళ్ళకి తలుపు తీస్తాను.

నీ కందిరీగ


*


అదే గది, కిటికీ ఇంకా రాలేదు

కందిరీగా,

ప్లాస్టిక్ మొక్కకి నీళ్ళు పోసినదానివి నా రాతని వెక్కిరిస్తావా.

పనిముట్టు తగిలించాను. అనుమతి కోసం పడ్డ పాట్లు వేరే రాయాలి. 'ఇది దేన్నీ మార్చదు, చూస్తుంది అంతే' అని నేను, 'చూస్తే అది సిగ్గుపడి ఆగిపోదు కదా' అని చూద్దాం గారు. ఆయన హాస్యం కోసం అనలేదు, నిజంగానే అడిగాడు. చివరికి సంతకం పెట్టాడు, పెన్సిల్‌తో.

ఇప్పుడు నా ముందు మీ ఊళ్ళ ఆపదలన్నీ గీతలై పారుతున్నాయి. ఒక ఫోను, ఒక గీత. గీత పొట్టిగా ఉంటే పని చకచకా అయిందన్నమాట. పొడుగైతే ఎక్కడో ఎదురుచూసింది. రోజంతా పొట్టి గీతలే. ఎవరో మెట్ల మీంచి పడ్డారు, పొట్టి గీత. ఎవరికో నొప్పులు మొదలయ్యాయి, పొట్టి గీత. నాకు పేర్లు కనిపించవు, అదొక్కటే దయ.

ఇందులో ఒక దరిద్రం ఉంది. జరిగిపోయినదాన్ని చూడటం ఈ పనిముట్టుకి చేతకాదు. అది తగిలించాక జరిగేదే చూస్తుంది. అంటే అప్లికేషన్ మళ్ళీ బిగుసుకోవాలి, మళ్ళీ ఎవరికో బండి ఆలస్యం కావాలి, అప్పుడు గాని నాకు కారణం దొరకదు. ఎవరికో ఆపద రావాలని టీ తాగుతూ ఎదురుచూడ్డం నా ఉద్యోగం. ఇంతకంటే గొప్ప ఉద్యోగం రాబందుకే ఉంటుంది.

నీకు ముందే చెప్పాల్సింది, చెప్పలేదు. ఫిర్యాదు ఒక్క మనిషి గురించి వచ్చింది. పక్షవాతం వచ్చిన ఒక దర్జీ. బండి చాలా ఆలస్యంగా వెళ్ళింది. మనిషి బతికాడు గాని కుడి చెయ్యి పడిపోయింది, మాట ముద్దయింది. నన్ను ఈ పనికి పెట్టేటప్పుడే చూద్దాం గారు రిపోర్టు కూడా చేతికిచ్చాడు. అవును, ముందే రాసి ఉంది. 'అప్లికేషన్‌లో లోపమేమీ లేదు, ఆపరేటరు పొరపాటు' అని. నేను కింద సంతకం పెట్టి, మధ్యలో రెండు బొమ్మలు అతికించాలంతే. మీ డైరెక్టరు గారూ మా కంపెనీ పెద్దలూ కలిసి వండిన వంట. నేను కొత్తిమీర చల్లాలి.

అదేమీ చిన్న విషయం కాదని నాకూ తెలుసు. కానీ నిజంగానే ఆపరేటరు పొరపాటైతే? ఆ రోజు నాలుగో సీటు నుంచి 'పంపు' బటన్ మూడుసార్లు నొక్కినట్టు ఉంది. కంగారుపడి ఇష్టమొచ్చినట్టు నొక్కింది, అందుకే చిక్కుపడిందని వీళ్ళ వాదన. నాలుగో సీటులో కూర్చునే ఆవిడ నీకు తెలిసే ఉంటుంది. ఎలాంటి మనిషి? పని వచ్చా, నోరు తప్ప ఏమీ లేదా? దాపరికం లేకుండా రాయి.

వాషింగ్ మెషీన్ బిగించాడు. నాలుగు మరలు మిగిలాయి. అవి అక్కర్లేనివేనట.

మీ వదిన


*


ఇల్లు

వదినా,

నాలుగో సీటు మనిషి గురించి అడిగావు.

పొగరుబోతు. ఎవరి మాటా వినదు. పని వచ్చు. నోరు కూడా ఉంది. అందరికీ ఓ పేరు పెట్టడం అలవాటు, తనకి మాత్రం ఇంట్లోవాళ్ళు కందిరీగ అని పెట్టారు. దాని అన్నయ్యనే నువ్వు పెళ్ళి చేసుకున్నావు.

ఇప్పుడు కొత్తిమీర చల్లుకో.

నీకు చెప్పకపోవడానికి కారణం ఏమీ లేదు. చెబితే అన్నయ్యకి తెలుస్తుంది, అన్నయ్యకి తెలిస్తే జాలిపడతాడు, వాడి జాలి కంటే పక్షవాతం నయం. ఈ మాట రాశాక కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ. నేనెలా ఉన్నానో నీకు తెలియాలి కదా.

ఫోన్ చేసింది ఆయన భార్య. గొంతులో కంగారు లేదు. కుట్టు మిషను ముందు కూర్చున్న మనిషి పక్కకి ఒరిగిపోయాడని, మూతి వంకర పోయిందని, కుడి చెయ్యి ఎత్తమంటే ఎత్తలేకపోతున్నాడని ఒక్కొక్కటే చెప్పింది. వీధి పేరు రెండుసార్లు చెప్పింది. నేను నొక్కాను. పచ్చగా వచ్చింది.

'బయల్దేరిందా అమ్మా?'

'బయల్దేరిందండీ. ఆయన్ని పక్కకి తిప్పి పడుకోబెట్టండి. నేను లైన్లోనే ఉంటాను.'

కాసేపయ్యాక మళ్ళీ అడిగింది. బయల్దేరిందండీ అన్నాను. నా ఎదురుగా పచ్చగా మెరుస్తోంది కదా. అనుమానం వచ్చి మళ్ళీ నొక్కాను. మళ్ళీ పచ్చ. అప్పుడు ఆవిడ అంది, 'పక్కింటాయన కారు తీస్తానంటున్నాడు, అందులో తీసుకెళ్ళిపోమంటావా?' అని.

వద్దన్నాను వదినా. కదిలించకండి, బండి వచ్చేస్తోంది, దారిలో మీరూ బండీ ఒకరికొకరు తప్పిపోతారు అన్నాను. మా శిక్షణలో అదే చెప్పమంటారు. బండి నిజంగా వస్తూ ఉంటే అదే సరైన మాట కూడా. ఆవిడ 'సరేనమ్మా' అని పక్కింటాయన్ని పంపేసింది. నేను విన్నాను. ఆయన తాళాలు గలగలమన్నాయి, తర్వాత తలుపు మూసిన చప్పుడు.

మూడోసారి నొక్కినప్పుడు కూడా పచ్చగానే వచ్చింది. బండివాడికి కబురు చేరింది ఆ తర్వాత. మూడు కబుర్లూ ఒక్కసారే చేరాయట. ఎవరో ఆట పట్టిస్తున్నారనుకున్నాడు.

విచారణలో ఒకాయన అడిగాడు, 'మీరు అన్నిసార్లు ఎందుకు నొక్కారు?' అని. లిఫ్టు రాకపోతే మీరు ఎన్నిసార్లు నొక్కుతారు అన్నాను. అందుకే ఈ పలకరింపుల బల్ల.

నువ్వు సంతకం పెట్టాలంటే పెట్టు. నేనేమీ అనుకోను. ఇది అబద్ధం.


*


అదే గది

అమ్మడూ,

నీ ఉత్తరం బల్ల మీద పెట్టుకుని ఇప్పటిదాకా కూర్చున్నాను. క్షమించమని రాస్తే నువ్వు 'వదిన కూడా జాలిపడటం మొదలెట్టింది' అంటావు. రాయను. ఆ 'నోరు తప్ప ఏమీ లేదా' అన్న మాట మాత్రం వెనక్కి ఇచ్చెయ్యి.

మీ అన్నయ్యకి చెప్పాను. తిట్టుకో. తను వెళ్ళి ఆ మిగిలిన నాలుగు మరలూ చేత్తో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. నీ దగ్గరికి వస్తానన్నాడు, నేనే ఆపాను. నీ ఇంట్లో విప్పదగిన వస్తువులు చాలా ఉన్నాయని గుర్తొచ్చి.

చూద్దాం గారికి కూడా చెప్పాను, నాలుగో సీటు నా ఆడపడుచని. తర్వాత ఎవరో చెప్పి, చుట్టరికం చూసి రాసిందనడం కంటే ఇదే మంచిది. ఆయన ఎంత సంతోషించాడంటే, మొదటిసారిగా 'చూద్దాం' అనలేదు. 'అయితే మీరు రాయకూడదండీ, వారాంతానికి వేరేవాళ్ళకి అప్పగిద్దాం' అన్నాడు. వేరేవాళ్ళంటే ఎవరో తెలుసుగా? సంతకం పెన్నుతో పెట్టగలిగేవాళ్ళు.

కాబట్టి నాకు ఈ వారమే ఉంది. అందుకని సోదిలేకుండా చెబుతాను, విను.

ఇన్నాళ్ళూ పొడుగు గీతల కోసమే వెతికాను. తప్పు అదే. నీ ఉత్తరం వచ్చాక, కొంచెం పొడుగైనవి కూడా ఏరి పెట్టాను. రెండు మూడు క్షణాలు ఆగి ముందుకు వెళ్ళినవి. ఎవరూ పట్టించుకోనివి. అవన్నీ ఒకే గుమ్మం దగ్గర ఆగుతున్నాయి. ఏ బండి ఎక్కడుందో రాసి ఉండే పట్టిక ఒకటుంది. బండిని పంపాలంటే అందులో దాని పేరు ఎదురుగా 'వెళ్ళింది' అని రాయాలి. ఒకరు రాస్తున్నప్పుడు ఇంకొకరు వేలు పెట్టకుండా అప్లికేషన్ ఆ పట్టికకి, గదికి పెట్టినట్టు, లోపల గడియ పెడుతుంది. అది మంచిదే. పని కాగానే గడియ తీస్తుంది. కానీ ఎవరో లోపలికి వెళ్ళి, గడియ పెట్టుకుని, తాపీగా కూర్చుంటున్నారు. బయట మిగతావాళ్ళంతా వరసగా నిలబడుతున్నారు. నీ స్క్రీన్ మీద పచ్చ రంగు ఎప్పుడొస్తుందో తెలుసా? వరసలో నిలబడగానే. లోపలికి వెళ్ళాక కాదు.

ఆ లోపల కూర్చున్నది ఎవరని చూశాను. ప్రతిసారీ ఒకటే. మీ డైరెక్టరు గారి తెర.

ఊరి పటం గియ్యడానికి, ఆ 'సగటు వేగం' లెక్క కట్టడానికి, అది ఆ పట్టిక మొత్తాన్నీ పట్టుకుని కూర్చుంటోంది. ఊళ్ళో హడావిడి లేకపోతే రెండు క్షణాల్లో వదిలేస్తుంది. అన్ని బళ్ళూ తిరుగుతున్నప్పుడు తెర వేస్తే లెక్క తెమలదు, గడియ తియ్యదు. ఎంత వేగంగా వెళ్తున్నామో చూపించడానికి బళ్ళన్నిటినీ ఆపేస్తోంది. ఇలాంటిది నేను కల్పించి రాస్తే ఎవరూ నమ్మరు.

కానీ ఇది నా అనుమానమే, రెండు క్షణాల గీతలతో విచారణ సంఘం నోరు మూయించలేను. పెద్ద గీత కళ్ళపడాలి. అది కళ్ళపడగానే, కారణం రాసుకుంటూ కూర్చోను, నీకు ఫోన్ చేస్తాను, ఆ పలకరింపుల బల్లకే. కోడ్ ముట్టుకోకూడదన్నారు గాని ఫోన్ ముట్టుకోకూడదనలేదు. చూద్దాం గారికి, మీ ఫోన్ల గదిని నడిపే పెద్దాయనకి కూడా రాశాను, తెర వెయ్యొద్దని. 'పరిశీలనలో ఉంది' అని జవాబొచ్చింది.

ఫోన్ ఎత్తు. తిట్టకుండా ఎత్తు.

మీ వదిన


*


ఇల్లు, కాళ్ళు బల్ల మీద పెట్టుకుని

వదినా,

నువ్వు ఫోన్లో చెప్పింది నాలుగు ముక్కలు. తర్వాత ఏమైందో నీకు గీతల్లో తెలిసే ఉంటుంది. మనుషుల్లో ఏమైందో నేను చెబుతాను.

పొద్దుటినుంచీ బూట్లు మెరుస్తున్నాయి ఇక్కడ. పక్క దేశం నుంచో పై లోకం నుంచో పెద్దలు వచ్చారు, మన పద్ధతి చూసి వాళ్ళూ పెట్టుకుంటారట. నేను తలుపు తీశాను. 'రండి' అన్నాను. డైరెక్టరు గారు నా వైపు చూడకుండానే నన్ను పరిచయం చేశారు, 'మా స్వాగత విభాగం' అని. నేను విభాగాన్నని అప్పుడే తెలిసింది.

వాళ్ళు లోపలికి వెళ్ళారు. గాజు తలుపులోంచి నాకు కనిపిస్తూనే ఉంది. తెర వెలిగింది. అందరూ ఆహా అన్నారు. అప్పుడు ఫోన్ మోగింది. 'స్వాగత విభాగం' అన్నాను, పొగరుగా. నువ్వు, 'పదకొండు ఫోన్లు గుమ్మంలో ఆగిపోయాయి, వెళ్ళి ఆ తెర మూసెయ్, పరిగెత్తు' అన్నావు.

పరిగెత్తాను వదినా. నాకు ఆ గదిలోకి వెళ్ళకూడదని రాతపూర్వకంగా ఇచ్చారు, ఆ కాగితం నా సంచీలోనే ఉంది. డైరెక్టరు గారు సరిగ్గా 'ఒక్క క్షణం కూడా వృథా కాకుండా' అంటున్నారు. నేను వాళ్ళ మధ్యలోంచి దూరాను. ఒకాయన కాలు తొక్కాను, ఎవరిదో తెలియదు, బూటు మాత్రం ఖరీదైనది. తెర నడిపే కంప్యూటరు ముందున్న మనిషిని కుర్చీతో సహా పక్కకి నెట్టాను. చేతులు ఊడిన కుర్చీ కదా, సులువుగా జరిగింది.

మూసేశాను.

ఒక్క ఊపిరి తీసేంతసేపు ఏమీ లేదు. తర్వాత గది నిండా బళ్ళ డ్రైవర్లు ఒక్కసారే జవాబులివ్వడం మొదలెట్టారు. 'వెళ్తున్నా', 'అందింది', 'వెళ్తున్నా', 'ఇదేమిటి ఇంతమందా', 'అందింది', 'వెళ్తున్నా'. నా పాత సీట్లో కూర్చున్న అమ్మాయి తలతిప్పి చూసింది. దాని లైన్లో ఎవరో ఆవిడ, ఊపిరాడక ఈలలా శబ్దం. ఆ పిల్ల అంతవరకూ బయల్దేరిందండీ, బయల్దేరిందండీ అంటూ ఉంది. తన కళ్ళ ముందే బండి అప్పుడు బయల్దేరడం చూసి దాని మొహం తెల్లబోయింది. ఆ మొహం నాకు తెలుసు వదినా. అద్దంలో రోజూ చూస్తున్నాను.

ఆవిడ బాగానే ఉంది. సాయంత్రం కనుక్కున్నాను. బండి ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదన్నారు ఆసుపత్రిలో.

డైరెక్టరు గారు పెద్దలతో 'చిన్న కరెంటు సమస్య' అన్నారు. గది నిండా దీపాలు వెలుగుతున్నాయి. ఆ పెద్దల్లో ఒకావిడ అడిగింది, 'తెర ఆగగానే వాళ్ళందరూ ఒకేసారి ఎందుకు మాట్లాడారు?' అని. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన టై సర్దుకున్నారు. 'తెరకీ దానికీ ఏ సంబంధం లేదండీ' అన్నారు. తెర గురించి ఆవిడ నిందగా ఏమీ అనలేదు, పాపం.

నాకు ఇంకో కాగితం ఇచ్చారు. నిషిద్ధ ప్రదేశంలోకి ప్రవేశించడం, అతిథుల పాదాలకి హాని కలిగించడం. ఆ రెండోది నిజంగానే రాశారు.

నువ్వు నీ గీత జాగ్రత్తగా దాచావా?

కందిరీగ


*


రెండో అంతస్తు, కిటికీ ఉంది, ఎదురుగా గోడ ఉంది

అమ్మడూ,

దాచాను. ఇంత పొడుగు గీత నా జీవితంలో చూడలేదు. ఒక చివర తెర వెలిగిన క్షణం, ఇంకో చివర నువ్వు మూసిన క్షణం, మధ్యలో గడియ ఎవరి చేతిలో ఉందో స్పష్టంగా. దాని కింద పదకొండు చిన్న ప్రాణాలు వరసగా.

అది తీసుకుని విచారణ సంఘం ముందుకి నేనే వెళ్ళాను. చుట్టరికం ఉన్నదాన్ని కాబట్టి మాట్లాడకూడదన్నారు. సరే, మాట్లాడను, చూపిస్తానన్నాను. ఇన్నాళ్ళూ నాకు నేర్పింది అదే కదా. బొమ్మ గోడ మీద వేసి చేతులు కట్టుకుని నిలబడ్డాను. మీ డైరెక్టరు గారి దగ్గర నేర్చుకున్న భంగిమ. సంఘంలో ఒక ముసలాయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, 'అయితే ఆ అమ్మాయి మూడుసార్లు నొక్కింది అందుకా' అన్నాడు. అంతే.

ఫలితాలు విను. 'ఆపరేటరు పొరపాటు' అన్న వాక్యం తీసేశారు. దాని చోట ఏమీ పెట్టలేదు, ఖాళీ వదిలారు. తెర పేరు రిపోర్టులో ఎక్కడా లేదు. చూద్దాం గారు దాన్ని 'దృశ్య సమాచార సదుపాయం' అని మార్చి, 'వినియోగ వేళల్లో స్వల్ప సవరణ అవసరం' అని రాశాడు. తిలా పాపం తలా పిడికెడు అంటారు గాని, వీళ్ళు పిడికెడు కూడా తీసుకోలేదు.

అయినా తెర ఆగింది. ఎలాగో తెలుసా? మీ డైరెక్టరు గారు తెర లేకుండా బతకలేరు కాబట్టి, ఒక మంచి రోజు చూసి దాన్ని ఫోటో తీయించి, ఆ ఫోటోని గోడంత చేసి వేయించారు. ఇప్పుడు ఆ పటంలో బళ్ళు కదలవు. పెద్దలు వచ్చి ఇంతకుముందులాగే ఆహా అంటున్నారట. ఒక్క అక్షరం కోడ్ మార్చకుండా అప్లికేషన్ బాగుపడింది. దీనికి మా కంపెనీ తనకి తానే ఒక బహుమతి ఇచ్చుకుంది. చూద్దాం గారు అందుకున్నారు.

నన్ను ఆ పని నుంచి తప్పించారు. ఇప్పుడు పార్కింగ్ చీటీల అప్లికేషన్ చూస్తున్నాను. అందులో ఎవరి ప్రాణాలూ లేవు. కిటికీ కూడా ఇచ్చారు. బాధగా లేదంటే అబద్ధం.

ఒక్క విషయం మింగుడుపడటం లేదు. ఆ దర్జీ ఇంటికి ఇంతకుముందు 'ఆపరేటరు పొరపాటు' అని రాసి పంపారు. ఇప్పుడు కాదని ఎవరూ రాయరు. అడిగాను. 'మళ్ళీ వాళ్ళని కదిలించడం ఎందుకండీ' అన్నారు. వాళ్ళు నిన్నే తిట్టుకుంటూ ఉండిపోతారు. నువ్వు ఏమంటావో తెలియదు, కానీ చెబుతున్నాను.

నీ సీటు నీకిచ్చారట కదా. చేతులున్న కుర్చీ అడిగావా?

మీ వదిన


*


ఇల్లు

వదినా,

సీటు ఇచ్చారు. కుర్చీ ఇవ్వలేదు. ఇప్పుడు పచ్చగా వచ్చాక కూడా డ్రైవరుని అడిగి, వాడి నోటితో విన్నాకే 'బయల్దేరింది' అంటున్నాను. పక్కనున్న అమ్మాయిలూ అలాగే అంటున్నారు. పని నెమ్మదించిందని పెద్దాయన సణుగుతున్నాడు. సణగనీ.

ఆ ఇంటికి వెళ్ళాను.

వెళ్ళకూడదని నియమం ఉంది. ఈ మధ్య నాకు నియమాలు సరిగ్గా వినబడటం లేదు. బట్టల కొట్టు మీద మేడ, ఇరుకు మెట్లు. పైన గుమ్మంలో కుట్టి పూర్తిచెయ్యని కోటు ఒకటి కొక్కేనికి వేలాడుతోంది, ఒక చెయ్యికే అంచు కుట్టి ఉంది. తలుపు కొట్టాను. 'ఎవరూ?' అంది ఆవిడ లోపలినుంచి.

ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చాను, అంతా మర్చిపోయాను. 'నేనండీ, ఒకసారి మాట్లాడాలి' అన్నాను.

తలుపు వెంటనే తియ్యలేదు. తీశాక నన్ను పైనుంచి కిందికి చూసింది. 'ఈ గొంతు నాకు తెలుసు' అంది.

చెప్పాను వదినా. గుమ్మంలో నిలబడే అంతా చెప్పాను. నా తప్పు కాదని చెప్పడానికి రాలేదన్నాను, అది కూడా కొంత అబద్ధమే. నేను బయల్దేరిందన్నప్పుడు బండి బయల్దేరలేదని, నా ఎదురుగా ఉన్నది అబద్ధం చెప్పిందని, నేను ఆ అబద్ధాన్ని మీకు చెప్పానని. కారు వద్దన్నది నేనే అని. ఆ తెర సంగతి, ఫోటో సంగతి కూడా.

ఆవిడ లోపలికి రమ్మనలేదు. తలుపు వెయ్యనూలేదు. కొంగు అంచు వేళ్ళకి చుట్టుకుంటూ నిలబడింది. 'పక్కింటాయన ఇంకా బాధపడుతున్నాడు, తాను బలవంతంగానైనా తీసుకెళ్ళాల్సిందని' అంది. 'ఆయనకీ చెబుతాను' అన్నాను. 'చెప్పు' అంది.

లోపలినుంచి ఆయన ఏదో అన్నాడు. మాట ముద్దగా ఉంది, నాకు ఒక్క అక్షరం అర్థం కాలేదు. ఆవిడ తలతిప్పి గట్టిగా, 'అంబులెన్సు అమ్మాయి' అంది. ఆయన మళ్ళీ ఏదో అన్నాడు, ఈసారి కష్టపడి, ముక్కలు ముక్కలుగా.

ఆవిడ నా వైపు తిరిగింది.

'ఇప్పటికి వచ్చిందా, అని అడుగుతున్నాడు.'

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన నవ్వాడు వదినా, లోపల మంచం మీద కూర్చుని, మూతి ఒక పక్కతోనే. ఇంట్లో ఆ నవ్వు విని చాలా రోజులైనట్టుంది, ఆవిడ ఉలిక్కిపడి అటు చూసింది. తర్వాత తలుపుకి అడ్డంగా ఉన్న తన చెయ్యి తీసేసింది.

కందిరీగ